నాలుగేండ్లు వాడిన వెబ్‌క్యామ్: ట్యూబులైట్ చారలు, నల్ల తెర, తెగి తెగి వచ్చే బొమ్మ

ఇది 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు ఇచ్చే ఆటోఫోకస్ వెబ్‌క్యామ్. మీటరున్నర యూఎస్‌బీ తీగ, మానిటర్ మీద కూర్చునే క్లిప్పు, క్లిప్పు అడుగున ట్రైపాడ్‌కు బిగించుకునే మర. హన్మకొండలో ఒక మామూలు ఇంట్లో, పది బై పన్నెండు అర్రలో, రోజుకు మూడు నాలుగు గంటల చొప్పున నాలుగేండ్లుగా నడుస్తోంది. పొద్దున ఆన్‌లైన్ క్లాసులు, పగలు మీటింగులు, రాత్రి అమెరికా కాల్స్. కెమెరా గట్టిదే. ఇన్నేండ్లలో "కెమెరా ఖరాబైంది" అనిపించిన ప్రతిసారీ తప్పు లైటు దగ్గరో, యూఎస్‌బీ పోర్టు దగ్గరో, కంప్యూటర్ సెట్టింగుల్లోనో దొరికింది. నిజంగా కెమెరాలో అరిగినవి రెండే: క్లిప్పు కీలు, తీగ మెడ.

అన్నిటికంటే ఎక్కువ పరేషాన్ చేసేది ట్యూబులైట్ చారలు. బొమ్మ మీద అడ్డంగా నల్లటి పట్టీలు కింది నుంచి పైకి మెల్లగా పాకుతుంటాయి. పగలు కనబడవు, సాయంత్రం లైటు వెయ్యగానే మొదలు. కారణం మన కరెంటులోనే ఉంది. మన దగ్గర సరఫరా 50 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకు రెండుసార్లు చొప్పున లైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కన్ను పట్టుకోలేదు గానీ కెమెరా పట్టుకుంటుంది, ఎందుకంటే సెన్సార్ బొమ్మను ఒక్కసారిగా కాకుండా వరుస తర్వాత వరుస చదువుతుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. కెమెరా ఆ లెక్కలో ఉంటే వెలుగును సెకనులో 120వ వంతు, 60వ వంతు సేపు తీసుకుంటుంది. మన లైటు లయకు అది కుదరదు. కొన్ని వరుసలకు వెలుగు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. 50కి మారిస్తే 100వ వంతు, 50వ వంతు సేపు తీసుకుంటుంది, ప్రతి వరుసకూ సమానంగా అందుతుంది, చారలు మాయం.

ఎక్కడ మార్చాలి? విండోస్‌లోని కెమెరా యాప్ తెరిచి, సెట్టింగ్స్‌లో వీడియో భాగంలో 'ఫ్లికర్ రిడక్షన్' కింద 50 హెర్ట్జ్ పెట్టండి. ఓబీఎస్ (వీడియో రికార్డింగ్, లైవ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు 'వీడియో క్యాప్చర్ డివైస్'లో 'కాన్ఫిగర్ వీడియో' నొక్కితే డ్రైవర్ (కెమెరాను కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) సొంత పెట్టె తెరుచుకుంటుంది, చాలా కెమెరాలకు అందులో 'పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ' అని ఉంటుంది. ఈ కెమెరాతో వచ్చే చిక్కు ఒకటుంది: తీగ పీకి మళ్లీ పెడితే సెట్టింగు మరిచిపోతుంది. పోర్టు మార్చిన రోజు, కరెంటు పోయి వచ్చిన రోజు చారలు కనబడితే ముందు ఇదే చూడాలి.

50 పెట్టినా చారలు పోకపోతే పగటిపూట ట్యూబులైటు వెలుగుతోందేమో చూడండి. కిటికీ ఎండ ఎక్కువైతే కెమెరా 100వ వంతు కంటే తక్కువ సమయానికి దిగిపోతుంది. అప్పుడు ఏ సెట్టింగూ పని చెయ్యదు, లైటు ఆర్పెయ్యాలి, అంతే. పాత చోక్ ఉన్న ట్యూబు అన్నిటికంటే ఎక్కువ కొట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్ చోక్‌కు మారిస్తే చాలా మటుకు తగ్గుతుంది. ఎల్‌ఈడీ బల్బులన్నీ ఒకటి కావు. చవక బల్బులో లోపలి సర్క్యూట్ కరెంటును సరిగ్గా చదును చెయ్యదు, అది కూడా సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి బల్బును తీస్తే తేలిపోతుంది: వెలుగు దడదడలాడితే అది కాల్స్‌కు పనికిరాదు. అన్నిటికంటే నిమ్మళమైనది యూఎస్‌బీకి పెట్టుకునే 5 వోల్టుల ఎల్‌ఈడీ దీపం. పవర్ బ్యాంకు మీద డీసీతో నడుస్తుంది కాబట్టి మెయిన్స్ కొట్టుకునుడు ఉండదు, కరెంటు పోయినా ముఖం చీకటి పడదు. ఒకటే షరతు: వెలుగు తగ్గించే బటన్ ఉన్న రకమైతే పూర్తి వెలుగులోనే వాడండి, తగ్గిస్తే కొన్ని మళ్లీ కొట్టుకుంటాయి.

సీలింగ్ ఫ్యాను సంగతీ ఇక్కడే చెప్పాలి. లైటుకు కింద ఫ్యాను తిరుగుతుంటే రెక్కల నీడ ముఖం మీద కొట్టుకుంటుంది. దానికి ఏ హెర్ట్జ్ సెట్టింగూ మందు కాదు. ఎండాకాలంలో మన దగ్గర ఫ్యాను ఆపమనడం అయ్యే పని కాదు కాబట్టి కుర్చీని జరపండి, లేదా లైటును పక్క గోడకు మార్చండి.

ఇక బొమ్మ ఆగి ఆగి రావడం. అందరూ మొదట నెట్‌ను తిడతారు. రెండు నిమిషాల పరీక్షతో తేలుతుంది. నెట్ ఆపేసి, కెమెరా యాప్‌లోనే ఒక నిమిషం వీడియో తీసుకుని, చెయ్యి అటూ ఇటూ ఊపి చూడండి. అందులో కూడా చెయ్యి సాగినట్టు, తునకలు తునకలుగా కనబడితే నెట్‌కు సంబంధం లేదు. వెలుగు చాలక కెమెరా తనంతట తానే ఫ్రేములు తగ్గించుకుంది. ఈ కెమెరా రాత్రి ఒక్క 9 వాట్ల బల్బు వెనక నుంచి వెలుగుతుంటే 30 నుంచి 15కు దిగుతుంది. డ్రైవర్ పెట్టెలో 'లో లైట్ కాంపెన్సేషన్' అనే టిక్కు తీసేస్తే ఫ్రేములు నిలబడతాయి గానీ బొమ్మ నల్లబడి, ఇసుక చల్లినట్టు గరుకవుతుంది. నా సలహా టిక్కు కంటే బల్బే: అదే 9 వాట్ల బల్బును ముఖానికి ఎదురుగా, కొంచెం పక్కకు, రెండు మూడు అడుగుల దూరంలో పెట్టి తెల్ల గోడకు కొట్టి వెనక్కి వచ్చే వెలుగు ముఖం మీద పడేలా చూడండి. సూటిగా కొడితే కళ్లద్దాలలో బల్బు మెరుస్తుంది. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లగా, వెనక అంతా తెల్లగా అవుతుంది. టేబులు తిప్పుకోవడమే దానికి మార్గం.

కెమెరా యాప్‌లో బొమ్మ మంచిగ ఉండి, కాల్‌లో మాత్రమే తెగితే అప్పుడు నెట్ వైపు చూడాలి. జూమ్‌లో సెట్టింగ్స్, 'స్టాటిస్టిక్స్', 'వీడియో' తెరిస్తే పంపుతున్న రెజల్యూషన్, ఫ్రేములు, ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన డేటా) అన్నీ కనబడతాయి. ఇద్దరి కాల్‌లో 720పీకి జూమ్ చెప్పే లెక్క అటూ ఇటూ 1.2 ఎంబీపీఎస్. 1080పీ పంపాలంటే 3.8 కావాలి. డౌన్‌లోడ్ వంద ఉందని సంబరపడొద్దు, అప్‌లోడ్ అంకె చూడండి, మీ ముఖం వెళ్లేది ఆ దారినే. రూటర్ రెండు గోడల అవతల ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై బలహీనపడుతుంది, 2.4కు మారి చూడండి, లేదా ల్యాన్ తీగ లాగండి. రూటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు కాల్ తెగదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా ఇది అవసరం పడుతుంది, ఎందుకంటే మారే క్షణంలో రూటర్ ఆరి వెలిగితే మళ్లీ కలవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనుషులున్న ఇండ్లకు ఒక ముఖ్యమైన మాట. దుబాయ్, అబుదాబిల నుంచి వాట్సాప్ మెసేజీ వస్తుంది గానీ వీడియో కాల్ కలవదు. అక్కడ వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు, అందుకే మనవాళ్లు బోటిమ్ అనే కాల్స్ యాప్ వాడతారు. దీన్ని ఫోన్ కెమెరా జబ్బనుకుని రిపేరు షాపుకు పోతే పైసలు దండగ.

నల్ల తెర వస్తే కెమెరా పక్కన ఉన్న చిన్న దీపం చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. దీపం వెలిగి తెర నల్లగా ఉంటే మొదట లెన్స్ మీద మూత ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్ సొంత కెమెరా అయితే పక్కకు జరిపే చిన్న షట్టర్, లేదా కీబోర్డు మీద కెమెరా బొమ్మ ఉన్న ఎఫ్ కీ నొక్కబడి ఉంటుంది. పిల్లల చేతుల్లో ల్యాప్‌టాప్ తిరిగే ఇండ్లలో ఈ కీయే ఎక్కువసార్లు దొంగ. మూత కాకపోతే మూడు కారణాలు. ఒకటి, ఇంకో యాప్ కెమెరాను పట్టుకుని ఉంది, అప్పుడు దీపం వెలిగే ఉంటుంది: సాధారణంగా విండోస్‌లో ఒకసారికి ఒక్క యాప్‌కే కెమెరా దొరుకుతుంది. టీమ్స్ మూసినా అది వెనక నడుస్తూనే ఉంటుంది, గడియారం పక్కన ఉన్న చిన్న బొమ్మల్లోకి పోయి క్విట్ చెయ్యాలి. రెండు, కాల్‌లో వేరే కెమెరా ఎంపికై ఉంది. ఓబీఎస్ ఎక్కించినవాళ్లకు 'వర్చువల్ కెమెరా' పేరే ఎంపికై నల్లగానో, ఓబీఎస్ గుర్తుతోనో చూపిస్తుంది. మూడు, అనుమతి. విండోస్ 11లో సెట్టింగ్స్, 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', 'కెమెరా'లోకి పోతే స్విచ్చులు మూడుంటాయి: మొత్తం కెమెరా యాక్సెస్, యాప్స్‌కు, అడుగున డెస్క్‌టాప్ యాప్స్‌కు. పై రెండూ వేసి కిందికి జరపకుండా వదిలేస్తారు. జూమ్, క్రోమ్ రెండూ ఆ అడుగు స్విచ్చు కిందివే. గూగుల్ మీట్‌లో అయితే క్రోమ్ అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి కెమెరాకు 'అలో' ఇచ్చి పేజీ మళ్లీ లోడ్ చెయ్యాలి. కెమెరా యాప్ 0xA00F4244 అని చూపిస్తే విండోస్‌కు అసలు కెమెరాయే కనబడలేదని అర్థం. దానికి అనుమతుల్లో వెతకొద్దు, తీగ, పోర్టు, డివైస్ మేనేజర్ (విండోస్‌లో పరికరాల జాబితా) చూడండి. డివైస్ మేనేజర్‌లో కెమెరాను అన్‌ఇన్‌స్టాల్ చేసి, తీగ పీకి, పది సెకన్లాగి పెడితే విండోస్ తనే మళ్లీ ఎక్కిస్తుంది. ఈ రకం కెమెరాలు అన్నిటికీ ఉమ్మడి యూఎస్‌బీ వీడియో ప్రమాణం మీద నడుస్తాయి కాబట్టి వేరే డ్రైవర్ వెతకనక్కరలేదు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి అసలు పోవద్దు.

పది పదిహేను నిమిషాలకోసారి కెమెరా తెగి, 'టిడుంగ్' అని చప్పుడొచ్చి మళ్లీ కలిస్తే అది యూఎస్‌బీ తంటా. డెస్క్‌టాప్ అయితే ముందున్న పోర్టు వదిలేసి వెనక మదర్‌బోర్డు పోర్టుకే పెట్టండి. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480 ఎంబీపీఎస్. కుదించకుండా 1080పీ, 30 ఫ్రేములు పంపాలంటే దాదాపు 1000 ఎంబీపీఎస్ కావాలి, అందుకే కెమెరా ప్రతి ఫ్రేమునూ జేపెగ్‌గా కుదించి పంపుతుంది. ఒకే హబ్‌కు రెండు కెమెరాలు, ఒక హార్డ్ డిస్క్ తగిలిస్తే ఆ దారి ఇరుకై బొమ్మ ఆగుతుంది. ఎక్స్‌టెన్షన్ తీగ కావాలంటే మొత్తం పొడవు 5 మీటర్లు దాటొద్దు. ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్‌కు పోయి, 'యూఎస్‌బీ రూట్ హబ్' మీద కుడి క్లిక్కు, ప్రాపర్టీస్, 'పవర్ మేనేజ్‌మెంట్'లో కరెంటు ఆదాకు ఈ డివైస్ ఆపొచ్చు అనే టిక్కు తీసెయ్యండి. ఇక్కడ ఈ ఒక్క టిక్కుతోనే రోజూ తెగే జబ్బు పోయింది.

ఆటోఫోకస్ ఈ కెమెరాకు బలం, బలహీనత రెండూ. నోటుబుక్కు ఒక జానెడు దూరంలో పెట్టినా అక్షరాలు చదవగలిగేలా పట్టుకుంటుంది. ఫోకస్ మారని చవక 720పీ కెమెరాతో లెక్కలు చెప్పేవాళ్లకు ఇది కుదరదు. కానీ వెనక ఫ్యాను తిరిగినా, కర్టెన్ ఊగినా ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ముఖం మసకబారుతుంది. మీటింగు రోజు డ్రైవర్ పెట్టెలో ఆటోఫోకస్ తీసేసి, ఫోకస్ స్లైడర్‌ను రెండడుగుల దూరానికి కుదిర్చి వదిలెయ్యడం మంచిది. లెన్స్ దగ్గరగా చూస్తే ఏడాదికి సన్నటి పొర పేరుకుంటుంది: దుమ్ము, వంటింటి నూనె, అగరొత్తుల పొగ. బొమ్మలో బల్బు చుట్టూ పాలలాంటి గుడి కట్టినట్టు కనబడితే ఆ పొరే. అంగీ కొసతో రుద్దితే దుమ్ము రేణువులు పూతను గీకుతాయి. ముందు గాలి ఊది, తర్వాత కళ్లద్దాల గుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడవండి.

రంగుల్లో ఒక్కచోట మాత్రం ఈ కెమెరా ఓడిపోతుంది, అది బతుకమ్మ రోజు. హన్మకొండలో సాయంత్రం 7 అయితే న్యూజెర్సీలో పొద్దున 9:30, అక్కడి బిడ్డలు కూడా చూడాలని కూర్చుంటారు. తంగేడు పూల పసుపు తెరంతా నిండితే కెమెరా దాన్ని పసుపు లైటు అనుకుని మొత్తం బొమ్మను నీలం వైపు తోస్తుంది. పూలు వెలిసినట్టు, ముఖాలు పాలిపోయినట్టు వస్తాయి. ముందుగా ఒక తెల్ల కాగితం చూపించి, రంగు కుదిరాక డ్రైవర్ పెట్టెలో 'వైట్ బ్యాలెన్స్' (తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటు) పక్కన ఆటో టిక్కు తీసేస్తే ఆ రంగు అలాగే నిలుస్తుంది, గునుగు తెలుపు తెలుపుగానే ఉంటుంది. ఆటకు బయటికి పోతే దీన్ని వదిలేసి ఫోనే తీసుకోండి.

లోపలి మైకు పనికొస్తుంది గానీ కూలర్ చప్పుడును ముందు పట్టుకుంటుంది, ఇయర్‌ఫోన్ మైకు వాడండి. 4కే కెమెరాకు రెట్టింపు పెట్టాలా అంటే, కాల్స్ కోసమే అయితే వద్దు: గ్రూపు కాల్‌లో మీ బొమ్మ అవతల చిన్న గడిలోనే కనబడుతుంది.

పాతది కొనేవాళ్లు హన్మకొండ చౌరస్తా దగ్గరైనా, వరంగల్ స్టేషన్ రోడ్డులోనైనా షాపులోనే ల్యాప్‌టాప్‌కు పెట్టించి రెండు నిమిషాలు రికార్డు చేయించండి. రికార్డవుతుండగా తీగను కెమెరా మెడ దగ్గర పట్టుకుని నాలుగు వైపులా మెల్లగా వంచండి, బొమ్మ ఒక్కసారి మినుకుమన్నా వద్దనండి. క్లిప్పు మీద కెమెరాను నిలబెట్టి చెయ్యి తియ్యండి, తనంతట తాను కిందికి వంగితే కీలు పోయినట్టే. అది ఒక్కటే లోపమైతే ధర తగ్గించి తీసుకోవచ్చు, అడుగున ఉన్న మరకు చిన్న ట్రైపాడ్ బిగిస్తే సరిపోతుంది. ఇక్కడి కెమెరా మూడో ఏడు నుంచి అలా ట్రైపాడ్ మీదే నిలబడి ఉంది.