పైతాన్ షుటిల్ మాడ్యూల్: ఏళ్ల తరబడి వాడాక

ఫైళ్లు కాపీ చేయడానికి పైతాన్‌తో పాటే వచ్చే షుటిల్ నమ్మదగిన మాడ్యూలే. వేగానికీ వంక లేదు; 3.8 వెర్షన్ నుంచి లినక్స్‌లో సెండ్‌ఫైల్ (ఆపరేటింగ్ సిస్టమ్ చేతే నేరుగా కాపీ చేయించే పద్ధతి) వాడుతోంది. "కాపీ సరిగ్గా అవ్వట్లేదు" అని తల పట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది రెండో ఆర్గ్యుమెంట్‌ని, అంటే ఎక్కడికి కాపీ చేయాలో చెప్పే పాత్‌ని.

అన్నిటికన్నా పాడు బగ్ ఇది. లూప్‌లో ఒక్కో ఫైల్‌నీ 'బ్యాకప్' ఫోల్డర్‌లోకి కాపీ చేయమంటాం. తీరా చూస్తే ఆ ఫోల్డరే లేదు. ఎర్రర్ రాదు! 'బ్యాకప్' పేరుతో ఎక్స్‌టెన్షన్ లేని ఫైల్ ఒకటి పుడుతుంది, తర్వాత వచ్చే ప్రతి ఫైలూ దాని మీదే పడుతుంది. వంద ఫైళ్లు పంపితే మిగిలేది ఆఖరిది ఒక్కటే. లూప్‌కి ముందే ఓఎస్.మేక్‌డర్స్‌తో ఫోల్డర్ చేసుకుని, ఫైల్ పేరు కూడా కలిపి పూర్తి పాత్ ఇస్తే ఈ గోల ఉండదు. అప్పుడైనా, అదే పేరున్న పాత ఫైల్ ఉంటే అడక్కుండా చెరిపి రాసేస్తుంది. ఆ చెక్ మనమే పెట్టుకోవాలి.

షుటిల్‌లో ఒక్కో ఫైల్‌ని కాపీ చేసే ఫంక్షన్లలో కాపీఫైల్ డేటా ఒక్కటే తెస్తుంది, కాపీ అయితే పర్మిషన్లు కూడా, కాపీ2 అయితే మార్పు తేదీ కూడా. లినక్స్‌లో ఓనర్, గ్రూప్ మాత్రం మూడూ తేవు. నా ఓటు కాపీ2కే, కాకపోతే ఒక మెలిక ఉంది. రెండు ఫైళ్లని పోల్చే ఫైల్‌సీఎంపీ మాడ్యూల్‌లోని సీఎంపీ, సైజూ తేదీ కలిస్తే చాలు, లోపల చదవకుండానే రెండూ ఒకటే అనేస్తుంది. కాపీ2 ఆ తేదీని ఎలాగూ దించేస్తుంది కాబట్టి ఆ పరీక్ష పెట్టినా పెట్టనట్టే. షాలో=ఫాల్స్ ఇస్తేనే నిజంగా చదివి పోలుస్తుంది.

కాపీ సున్నా బైట్లతో వచ్చిందా? రాస్తున్న ఫైల్ ఇంకా క్లోజ్ కాలేదు, డేటా ఇంకా డిస్క్‌కి చేరక బఫర్‌లోనే ఉండిపోయింది. కాపీ లైన్‌ని విత్ బ్లాక్ బయటికి జరపండి. తెరిచి ఉన్న ఫైళ్ల మధ్య కాపీ చేసే కాపీఫైల్‌ఆబ్జ్ వాడితే మొదటి భాగం ఎగిరిపోయిందా? అంతకుముందే ఆ ఫైల్‌ని కొంత చదివి ఉంటారు. అది చదవడం ఆగిన చోటి నుంచే మొదలెడుతుంది. ముందు సీక్(0) కొట్టి ఫైల్ మొదటికి వెళ్లాలి.

ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసే కాపీట్రీ విషయంలోనే నాకు అసంతృప్తి. 3.8లో వచ్చిన డర్స్_ఎగ్జిస్ట్_ఓకే ఇస్తే ఉన్న ఫోల్డర్‌లో కలిపేస్తుంది గానీ, మూలంలో తీసేసిన ఫైళ్లు గమ్యంలో అలాగే ఉంటాయి; సింక్ అనుకుంటే పొరపాటే. సిమ్‌లింక్స్=ట్రూ ఇవ్వకపోతే సిమ్‌లింకుల (వేరే ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్‌ల) బదులు అసలు ఫైళ్లే వచ్చి సైజు ఉబ్బుతుంది. ఒక ఫైల్ చదవలేకపోయినా ఆగదు, మిగతావి కాపీ చేసి చివర్లో అన్నీ కలిపి ఒకే ఎర్రర్‌గా విసురుతుంది. ఆ ఎర్రర్‌లోని లిస్టుని లాగ్‌లో రాయించుకోండి, ఏ ఫైళ్లు రాలేదో తెలిసేది అక్కడే.