గజెలా కషుర్రిన్యు: కౌంటర్ దగ్గరే తినేయాలి

పోర్చుగల్‌లోని పోర్టో ఊళ్లో బతాల్య కూడలి దగ్గర, సావ్ జువావ్ జాతీయ నాటకశాల పక్క సందులో ఉంటుంది గజెలా. 1962 నుంచీ నడుస్తున్న ఇరుకు కొట్టు. 2017లో అమెరికన్ షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ టీవీ కార్యక్రమంలో వచ్చాక ఊరివాళ్లకు తోడు బయటివాళ్లూ క్యూ కడుతున్నారు. అందరూ వచ్చేది కషుర్రిన్యు కోసమే. మాటకు అర్థం కుక్కపిల్ల! కంగారేం లేదు, హాట్‌డాగ్‌ని అక్కడ కషోర్రు అంటారు, ఇది దాని బుల్లి తమ్ముడు. లోపలున్నది మాత్రం పంది మాంసం సాసేజ్, కాబట్టి అది ముట్టనివాళ్లు ఇటు రావడం దండగ.

చూడ్డానికి ఏముంది, బ్రెడ్డు, సాసేజ్, చీజ్. కిటుకంతా బ్రెడ్డులోనే. సన్నగా, పొడుగ్గా, లోపల గుజ్జు దాదాపు లేకుండా ఉంటుంది. వేడి పలకల మధ్య నొక్కి కాలుస్తారు, పైన వెన్న, కారం సాస్ పూస్తారు, చిన్న ముక్కలుగా కోసి ప్లేటులో పెడతారు. కొరికితే పైపొర పటుక్కున విరగాలి, వెంటనే చీజ్ సాగాలి, కారం ఆఖర్న పెదాలకు తగలాలి. మన నోటికి ఆ కారం ఓ లెక్క కాదు గానీ, వెన్నతో కలిసి బాగా పనిచేస్తుంది.

ఇదే పేరుతో అమ్మే నాసిరకంలో తప్పు ఎక్కడో మొదటి ముక్కలోనే దొరికిపోతుంది. బ్రెడ్డు లావైతే పైన మాడినా లోపల పచ్చిపిండిలా సాగుతుంది. సాసేజ్‌ని నిలువునా చీల్చకపోతే గుండ్రంగా నిలబడి, బ్రెడ్డు దానికి అంటుకోదు, కోసేటప్పుడు జారిపోతుంది. సాస్ ముందే పూస్తే తడికి మెత్తబడుతుంది. చీజ్ మరీ ఎక్కువైతే పలక మీదకు కారి మాడి చేదెక్కుతుంది.

పార్సిల్ మాట ఎత్తకండి. కాగితంలో చుట్టగానే ఆవిరి పట్టి, పది నిమిషాల్లో కరకర పోయి తోలులా తయారవుతుంది.

ఫ్రాన్సెసిన్యా అనే శాండ్‌విచ్‌తో దీన్ని పోల్చేవాళ్లున్నారు. అదీ పోర్టోదే, 1950లలో పుట్టింది, కానీ వేరే జాతి: హామ్, సాసేజ్, మాంసం ముక్క, పైన కరిగిన చీజ్, బీరు-టమాటా సాస్‌లో మునిగిన బ్రెడ్డు. కత్తీ ఫోర్కూ కావాలి, తిన్నాక కునుకూ కావాలి. కషుర్రిన్యు తిని మెట్లెక్కి తిరగొచ్చు.

తోడుగా ఫీను అడగండి, అంటే సుమారు 200 మి.లీ. గ్లాసు డ్రాఫ్ట్ బీరు. లిస్బన్‌లో దాన్నే ఇంపెరియాల్ అంటారు, పోర్టోలో ఆ మాట వాడితే పైఊరివాళ్లని తెలిసిపోతుంది. ఒకటి తింటే ఆకలి చావదు, మనిషికి రెండు కావాలి. రెండూ ఒకేసారి చెప్పొద్దు. మొదటిది సగమయ్యాక రెండోది చెప్పండి, చల్లారకుండా వస్తుంది.