చుక్కలు తీసేసి చుక్కలు చూపించిన బడి

ఉల్పాన్ గురించి అందరూ చెప్పే లెక్కలు ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. ఇజ్రాయెల్‌కు కొత్తగా వచ్చి స్థిరపడిన యూదులకు హీబ్రూ నేర్పే బడి అది. ఐదు నెలలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 500 గంటలు. 2018 అక్టోబరులో, పండుగలన్నీ అయ్యాక, అష్దోద్‌లోని ఒక ఉల్పాన్‌లో చేరాను. అప్పటికి నాకు నలభై ఒకటి. అక్కడ నేర్చుకున్న భాషతోనే ఇన్నేళ్లుగా నెట్టుకొస్తున్నాను కాబట్టి ఇప్పుడు నాలుగు మాటలు రాయవచ్చు అనుకుంటున్నాను. నాలుగు అన్నాను గానీ నిజానికి ఒక్కటే. చుక్కలు.

హీబ్రూలో 22 అక్షరాలు, అన్నీ హల్లులే. వావ్, యోద్ లాంటివి అప్పుడప్పుడు అచ్చుల పని కూడా చేస్తాయి, అదీ వాటికి బుద్ధి పుట్టినప్పుడు. అసలు అచ్చులు అక్షరం కింద, పైన, పొట్టలో పెట్టే చిన్న చుక్కలు, గీతలు. వాటిని నిక్కూద్ అంటారు. వెయ్యేళ్లకు ముందే తిబెరియ పట్టణపు పండితులు కుదిర్చిన పద్ధతి ఇది. ప్రార్థన పుస్తకాల్లో, పిల్లల కథల్లో, కవితల్లో చుక్కలు ఉంటాయి. దినపత్రికలో, బస్సు మీద, కరెంటు బిల్లులో, మందుల డబ్బా మీద ఉండవు. అంటే బతకడానికి కావలసిన చోట ఎక్కడా ఉండవు.

మాది బెనె ఇజ్రాయెల్ అనే భారతీయ యూదుల కుటుంబం. కొంకణ తీరంలో గానుగలు ఆడించిన వాళ్లం. యూదుల విశ్రాంతి దినమైన శనివారం గానుగ ఆపేస్తారని మా పెద్దలకు అక్కడ 'శనివార్ తేలీ' అని పేరు. నాన్నకు రైల్వేలో ఉద్యోగం కావడంతో నేను విజయవాడలో పెరిగాను. ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు, శుక్రవారం సాయంత్రం హీబ్రూ ప్రార్థన. ప్రార్థన పుస్తకాన్ని నాన్న వేలు పెట్టి చదివించారు. చుక్కలు ఉంటే చాలు, గడగడా చదివేస్తాను. అర్థం మాత్రం అడగకూడదు.

ఉల్పాన్‌లో మొదటి రోజు అదే అడిగారు. ఏ తరగతిలో వేయాలో చూడటానికి ఒక పేరా ఇచ్చారు, చుక్కలతోనే. గుక్క తిప్పుకోకుండా చదివాను. పేరా ఇచ్చినావిడ కళ్లజోడు తీసి, మెచ్చుకోలుగా చూసి, ఏదో ప్రశ్న వేశారు. నేను నవ్వాను. మళ్లీ వేశారు. మళ్లీ నవ్వాను. కాగితం మీద ఆలెఫ్ అని రాసి పంపించారు. అదే అన్నిటికంటే కింది తరగతి.

ఇక్కడ టీచరును మోరా అంటారు. మన మొర వినేది ఆవిడే కాబట్టి ఆ మాట నాకు ఒక్కసారికే గుర్తుండిపోయింది. తరగతిలో హీబ్రూ తప్ప వేరే భాష వినపడదు. హీబ్రూను హీబ్రూలోనే చెప్పాలన్న పట్టుదల, ఆ భాషను మళ్లీ ఇళ్లలో మాట్లాడించిన ఎలియెజెర్ బెన్ యెహూదా కాలం నుంచీ ఉంది. 1881లో జెరూసలేం వచ్చిన ఆయన, ఇంట్లో పసిబిడ్డ చెవిన వేరే భాష పడనివ్వలేదట. మా మోరా అంత కఠినురాలు కాదు గానీ, 'తలుపు' అని చెప్పడానికి తలుపు దగ్గరకు వెళ్లి తెరిచి, మూసి, మళ్లీ తెరిచేవారు. 'ఆకలి' అని చెప్పడానికి పొట్ట పట్టుకుని బల్ల మీద వాలిపోయేవారు. మొదటి నెలలో నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. చెల్లికి ఫోనులో గంటసేపు పొగిడాను.

కొన్ని మాటలు వింటే పాత చుట్టాలు ఎదురైనట్టు ఉండేది. అమ్మ ఇమ్మా, నాన్న అబ్బా. రాయలసీమలో తండ్రిని అబ్బ అనడం విన్నదాన్ని, ఇందులో నాకు కొత్త ఏముంది? బేత్ అంటే ఇల్లు, ఎవెన్ అంటే రాయి, ఎజెర్ అంటే సాయం అని వేర్వేరు రోజుల్లో చెప్పారు. ఆ మూడో మాట విన్న రోజు పెన్ను కింద పెట్టేశాను. విజయవాడలో మా కాలనీ వెనక వీధిలో ఒక ఇంటి మీద 'బేతేలు' అని, ఒక ఆటో వెనక 'ఎబెనెజరు' అని చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. దేవుని ఇల్లు, సాయపు రాయి. ఆ ఆటో డ్రైవరు నాకంటే ముందే హీబ్రూ రాసుకుని తిరిగాడన్న మాట.

ఐదో వారం ఆదివారం (ఇక్కడ బడి ఆదివారమే మొదలు) మోరా బోర్డు మీద చుక్కలు లేకుండా రాశారు. మరిచిపోయారేమో అనుకుని నేనే చెయ్యి ఎత్తాను. ఆవిడ నవ్వి, డస్టర్ గాలిలో ఊపి, 'ఇక లేవు' అన్నారు. అంతే. నాకు పట్టపగలు చుక్కలు కనబడ్డాయి.

తెలుగువాళ్లకు ఈ బాధ ఎలా చెప్పాలి? మన గుణింతాలన్నీ తీసేసి ప, ల అని రెండే అక్షరాలు రాశారనుకోండి. పాలా, పులా, పొలమా, పిల్లా? పక్క మాటను బట్టి తెలుసుకోవాలట. పక్క మాటకూ గుణింతం లేదు మరి. దానికి తోడు పే అనే అక్షరాన్ని ఒక చోట ప అని, ఇంకో చోట ఫ అని పలకాలి. బేత్ ఒక చోట బ, ఇంకో చోట వ. ఏ చోట ఏదో చెప్పేది కూడా పొట్టలోని చుక్కే. అదీ పోయింది.

దీనికి మోరా చెప్పిన మందు ధాతువు. హీబ్రూ మాటల్లో చాలావాటికి మూడక్షరాల వేరు ఉంటుంది, అది పట్టుకుంటే చెట్టంతా మీదే అన్నారు. సామెఖ్, పే, రేష్ అని మూడు రాసి 'సేఫెర్', పుస్తకం అని చెప్పారు. ఆ వారమే, ముందు మేమ్ అనే అక్షరం చేరిస్తే అది తరచు ఆ పని జరిగే చోటు అవుతుందని కూడా చెప్పారు. ఉతికే చోటు మిఖ్బసా, రొట్టెలు కాల్చే చోటు మఆఫియా. ఈ రెండు సూత్రాలూ మెదడులో పెట్టుకుని నోటు పుస్తకం కొనడానికి బయలుదేరాను.

అష్దోద్‌లో పేటలకు పేర్లు అక్షరాలే. ఆలెఫ్ పేట, బేత్ పేట, గిమెల్ పేట. మా గిమెల్‌లో రెండు వీధులు దాటాక ఒక మేడ మెట్ల దగ్గర బోర్డు కనపడింది. మేమ్, సామెఖ్, పే, రేష్, చివర హే. నడుస్తూనే విడగొట్టాను. సామెఖ్ పే రేష్ పుస్తకం, ముందు మేమ్ కనుక చోటు. పుస్తకాల చోటు! ఈ దేశంలో నా అంతట నేను చదివి అర్థం చేసుకున్న మొదటి బోర్డు అది. మెట్లు ఎక్కుతూ మోరాకు మనసులోనే దండం పెట్టాను.

తలుపు తీస్తే ముందు గదిలో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని పత్రికలు తిరగేస్తున్నారు. చదువుకునే గది అనుకున్నాను. లోపలి నుంచి ఒకావిడ వచ్చారు. బడిలో నేర్పినట్టే 'నాకు ఒక మహ్బెరెత్ కావాలి' అన్నాను. మహ్బెరెత్ అంటే నోటు పుస్తకం. అందులోని హ గొంతు లోపలి నుంచి రావాలి, నాకది ఈనాటికీ రాదు. ఆవిడ లోపలికి వెళ్లి ఒక దువ్వెన బ్రష్షు తెచ్చి చేతిలో పెట్టారు. తలకు వాడే బ్రష్షు మివ్రెషెత్. రెండూ ఒకటేలా వినబడ్డాయి కాబోలు.

కాదు కాదు, రాయడానికి అన్నాను, గాలిలో రాస్తూ. ఆవిడ ముఖం విప్పారింది. బల్ల మీది పెద్ద పుస్తకం తెరిచి, పెన్ను తీసుకుని నా పేరు అడిగారు. చెప్పాను. ఏ రోజు అని అడిగారు. నోటు పుస్తకం కొనడానికి రోజు ఎందుకా అని ఆలోచిస్తూ, వచ్చిన మాట అది ఒక్కటే కావడంతో 'రేపు' అన్నాను. రాసుకున్నారు. ఆ తరువాత నా వెనక్కి వచ్చి, జడ చేతిలోకి తీసుకుని బరువు చూశారు. అప్పుడు గానీ లోపలి గదిలోని అద్దాలు నా కళ్లకు ఆనలేదు.

యంత్రం కింద తల పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ ఇదంతా చూస్తున్నారు. 'ఉల్పాన్?' అని ఒక్క మాట అడిగారు. అవునన్నాను. ఎక్కడి నుంచి అంటే 'హోదు' అన్నాను, ఇండియా. ఆవిడ పెన్ను అడిగి పత్రిక అంచు మీద ఆ మూడు అక్షరాలే మూడు సార్లు రాశారు. మొదటి వరుసలో చుక్కలు పెట్టి సేఫెర్ అని చదివి, చేతులు పుస్తకంలా తెరిచారు. రెండో వరుసలో వేరే చుక్కలు పెట్టి సఫార్ అని, వేళ్లు లెక్కపెట్టి చూపించారు. మూడో వరుసలో సపార్ అని, నా జడ వైపు రెండు వేళ్లతో కత్తెర ఆడించారు. లెక్కపెట్టాడు, మంగలి, పుస్తకం. నేను ఎక్కి వచ్చినది మిస్పరా, అంటే క్షౌరశాల. ధాతువు వేరే, అక్షరాలు అవే. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పత్రిక అంచు చింపి ఇచ్చారు. ఇప్పటికీ నా పాస్‌పోర్టు కవరులో ఉంది. 500 గంటల్లో నాకు బాగా అర్థమైన పాఠం ఏదంటే ఆ పది నిమిషాలే చెబుతాను, దానికి బడి వాళ్లు ఏమనుకున్నా సరే.

మరునాడు వెళ్లి జడ నాలుగంగుళాలు కత్తిరించుకున్నాను. పేరు రాయించుకున్నాక మానేయడం మర్యాద కాదనిపించింది. నోటు పుస్తకాలు ఆ మేడకు పక్క దుకాణంలోనే ఉన్నాయి. దాని బోర్డు చదవలేక ముందు రోజు దాటిపోయానట.

హీబ్రూలోనే హీబ్రూ చెప్పడాన్ని పైన బాగా మెచ్చుకున్నాను కదా. అది మొదటి నెల మాట. మా తరగతిలో సగం మంది రష్యన్ మాట్లాడేవాళ్లు, మిగతావారిలో ఎక్కువమంది ఫ్రెంచి. మోరా బోర్డు వైపు తిరగగానే ఒక వరుసలో రష్యన్‌లో, ఇంకో వరుసలో ఫ్రెంచిలో అర్థాలు గుసగుసగా నడిచిపోయేవి. వేరే భాష వినపడని తరగతి నిజానికి నా ఒక్కదానికే. చుక్కలు పోయాక రెండు వారాలపాటు ఇంటికి ఏ పేజీ రాయమన్నారో కూడా నాకు తెలియలేదు. దిమోనాలో ఉన్న మా వదిన రోజూ రాత్రి ఫోనులో మరాఠీలో చెప్పకపోతే మధ్యలో మానేసేదాన్ని. ఈ సంగతి మోరాకు చెప్పలేదు. ఆవిడ మాత్రం చివరి వారం వరకూ 'లేఅత్ లేఅత్' అంటూనే ఉన్నారు. మెల్లమెల్లగా అని. ఓపికలో ఆవిడకు వంక పెట్టలేను.

చేరమంటారా అంటే, నా సంగతి చెప్పగలను గానీ మీ సంగతి చెప్పలేను. మా ఆయనకు వచ్చిన నెలలోనే పని దొరికింది కాబట్టి నాకు ఉదయాలు ఖాళీగా ఉన్నాయి. పాపకు తొమ్మిదేళ్లు, మూడు నెలల్లో నన్ను దాటిపోయింది, ఏ చుక్కలూ అడగలేదు. ఉదయం ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఈ వేళలు కుదరవు. చుక్కలు అంత త్వరగా తీయకూడదని అప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు చుక్కలున్న పేజీ చూస్తే నాకే కళ్లు చిరాకు పడుతున్నాయి, అందుకని ఆ ఫిర్యాదు ఎంతవరకు న్యాయమో నాకే తేలడం లేదు.

మా వీధిలో కోనసీమ నుంచి వచ్చిన ఒకావిడ ఒక పెద్దాయనను చూసుకుంటుంది. ఇక్కడికి పని వీసా మీద వచ్చింది, ఉల్పాన్ గడప తొక్కలేదు. ఆయనతో, ఆయన పిల్లలతో మాట్లాడి మాట్లాడి హీబ్రూ నాకంటే ధారాళంగా వచ్చింది. ఒక్క అక్షరం మాత్రం చదవలేదు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం బస్ స్టాపులో కొత్త కాగితం అంటించి ఉంటే చదవమంది. కూడబలుక్కున్నాను. 'కవ్... మబోతెల్... మిబూతల్...'

'మెవుతాల్ అక్కా!' అని పకపకా నవ్వింది. 'ఈ బస్సు రద్దు చేశారట.'

సంచులు చెరొకటి పట్టుకుని నడక మొదలుపెట్టాం.