కాల్చిన తేగ వాసన వచ్చే టెకీలా

సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా బావగారు ఈసారి రెండు టెకీలా సీసాలు తెచ్చారు. టెకీలా అంటే నీలి అగావే అనే మొక్క దుంప నుంచి మెక్సికోలో బట్టీ పెట్టే మద్యం. ఒకటి ఫోర్తలేసా బ్లాంకో, అంటే పీపాలో పెట్టనిది, రెండోది ఎర్రదూరా రెపొసాడో, అంటే కొన్ని నెలలు పీపాలో ఉంచినది. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం కట్టకుండా తెచ్చుకోగలిగిన మద్యం 2 లీటర్లే కనుక, ముప్పావు లీటరు సీసాలు రెండింటికి మించి ఆయన పెట్టెలో చోటు దొరకలేదు. భోగి ముందు రోజు రాత్రి అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోట అరుగు మీద మూతలు తీసిన ఆ సీసాలను ఆ తరువాత కొన్ని నెలల పాటు, వారానికి ఒక రాత్రి చొప్పున, ఎప్పుడూ 30 మిల్లీలీటర్లకు మించకుండా రుచి చూస్తూ వచ్చాను. ఈ సమీక్ష ఆ రెండింటి గురించి. అయితే వాటి రుచి తెలియడానికి ముందు, టెకీలా గురించి నాకు తెలుసనుకున్నవి కొన్ని మరచిపోవలసి వచ్చింది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా మొదటి టెకీలా యానాంలో తాగాను. పుదుచ్చేరి పాలనలో ఉన్న ఆ ఊరి మద్యం దుకాణాల సంగతి డెల్టాలో తెలియనివారు ఉండరు. పేరు అనవసరమైన ఒక దుకాణంలో తెల్లనిది, బంగారు రంగుది పక్కపక్కనే కనిపిస్తే ఏది మేలని అడిగాను. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన "ఆయ్, రంగున్నదే తీసుకోండి, తెల్లది ఇంకా ముదరలేదండీ" అని ధీమాగా చెప్పాడు. స్నేహితులతో కలిసి ఉప్పు నాకి, ఒక్క గుక్కలో మింగి, నిమ్మచెక్క కొరికి, మళ్లీ పోయించుకుని, మర్నాడు మధ్యాహ్నం దాకా తల ఎత్తలేకపోయాను. అంత తాగితే ఏ మద్యమైనా అదే పని చేసేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ గొంతు కాలడం తప్ప ఆ రాత్రి నుంచి ఒక్క రుచి కూడా గుర్తు లేకపోవడం మాత్రం నా తప్పు కాదు. టెకీలా అంటే అంతేననుకుని పదేళ్లు దాని జోలికి పోలేదు.

ఆ సీసా మీద "టెకీలా" అని మాత్రమే ఉందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మెక్సికో ప్రమాణం ప్రకారం, కిణ్వనానికి వాడే చక్కెరలో కనీసం 51 శాతం నీలి అగావే నుంచి వస్తే చాలు, మిగిలినది చెరకు చక్కెర వంటిదైనా ఆ సరుకును టెకీలాగా అమ్మవచ్చు. వ్యాపారంలో దానిని మిక్స్తో అంటారు. మొత్తం చక్కెర అగావేదే అయితే సీసా మీద 100 శాతం అగావే అని స్పష్టంగా రాస్తారు, ఆ రాత లేకపోతే అది మిక్స్తో అనుకోవలసిందే. పైగా 100 శాతం అగావే టెకీలాను మెక్సికోలో దానికి నిర్ణయించిన ప్రాంతంలోనే సీసాల్లో నింపి తీరాలి. మిక్స్తోను మాత్రం ట్యాంకుల్లో బయటి దేశాలకు పంపి అక్కడ నింపుకోవచ్చు. నేను చూసి మోసపోయిన బంగారు రంగు కూడా చాలా సీసాల్లో పీపాల నుంచి వచ్చింది కాదు, మాడ్చిన చక్కెర నుంచి వచ్చింది. నా మీద నాకే నవ్వు వచ్చింది. సంతలో తళతళలాడే పసుపు బెల్లం ముట్టుకోనివ్వకుండా, అదంతా రంగు తేలచేసే హైడ్రోస్ అనే రసాయనం మహిమ అని చెప్పి, నల్లగా ఉన్న దిమ్మెనే కొనే తల్లి చేతి కింద పెరిగినవాడిని. పూతరేకుల్లోకి బెల్లం ఎంచుకునేటప్పుడు ఉన్న తెలివి సీసా ఎంచుకునేటప్పుడు ఎక్కడికి పోయిందో తెలియదు.

అగావేను చాలామంది నాగజెముడు జాతి అనుకుంటారు, కానీ అది మనం కంచెల వెంట చూసే కిత్తనారకు దగ్గరి చుట్టం. మన తాటిచెట్టు దశాబ్దాల తరబడి గీయించుకుంటూ నిలబడే ఉంటుంది. టెకీలాకు వాడే నీలి అగావే మాత్రం ఆరేడేళ్లు పెరిగి ఒక్కసారే పంట ఇస్తుంది. దాని ముళ్ల ఆకులను కోవా అనే పొడవాటి పిడి ఉన్న పదునైన పనిముట్టుతో నరికి, పదుల కిలోల బరువుండే నడిమి దుంపను పెళ్లగిస్తారు. అనాసపండులా కనిపిస్తుంది కనుక దానిని పిన్యా అంటారు, ఆ పని చేసేవారిని హిమడోర్ అంటారు. ఆ పిన్యాను ఉడికిస్తేనే లోపలి పిండిపదార్థం తీపిగా మారుతుంది. ఇటుక పొయ్యిలో ఒకటి నుంచి మూడు రోజులు నెమ్మదిగా ఉడికించేవారు ఉన్నారు. ఆటోక్లేవ్ అనే పెద్ద ఉక్కు కుక్కరులో గంటల్లో ముగించేవారు ఉన్నారు. ముందే పచ్చి అగావేను వేడినీటితో కడిగి రసం పిండే డిఫ్యూజర్ యంత్రం పెట్టుకున్నవారూ ఉన్నారు. నా నోటికి తెలిసినంతవరకు రుచిలో వచ్చే తేడా ముఖ్యంగా ఇక్కడే ఉంది.

ఇక్కడ మన గోదావరి వారికి ఒక సౌలభ్యం ఉంది. ఉడికిన అగావే వాసనను పాశ్చాత్యులు కాల్చిన చిలగడదుంపతోనో తేనెతోనో పోల్చి చెబుతారు. ఫోర్తలేసా మూత తీసిన క్షణంలో నాకు తట్టినది కుండలో కాల్చిన తేగ. ఆ పీచు, ఆ మట్టి, ఆ తీపి, చివరన నాలుక అంచుకు తగిలే ఆ సన్నని చేదు అన్నీ అందులో ఉన్నాయి. పక్కన పళ్లెంలో నిజంగానే తేగలు ఉన్నాయి కనుక ఆ పొయ్యి వాసనే వస్తోందేమోనని అనుమానం వేసి, గ్లాసు పట్టుకుని పెరటి చివరికి నడిచి మళ్లీ వాసన చూశాను. గ్లాసులోంచే వస్తోంది. బావగారు ఒప్పుకోలేదు, మొక్కజొన్న పొత్తు అన్నారు. అమెరికాలో ఇరవై ఏళ్లు ఉన్న మనిషికి తేగ ఎలా గుర్తుంటుంది.

ఫోర్తలేసాను హలిస్కో రాష్ట్రంలోని టెకీలా పట్టణంలోనే తయారుచేస్తారు. సౌజా కుటుంబం తమ పేరున్న పెద్ద వ్యాపారాన్ని 1976లో అమ్మేసింది. ఆ వంశంలో ఐదో తరానికి చెందిన గియెర్మో ఎరిక్సన్ సౌజా కుటుంబానికి మిగిలిన పాత చిన్న బట్టీని బాగుచేయించి 2005లో ఈ సరుకును మార్కెట్లోకి తెచ్చారు. అక్కడ ఇటుక పొయ్యిలో ఉడికించిన అగావేను తహోనా అనే పెద్ద రాతి చక్రం కింద నలుపుతారు, చెక్క తొట్లలో పులియబెడతారు, చిన్న రాగి పాత్రల్లో రెండుసార్లు బట్టీ పెడతారు. ఇవన్నీ సీసా వెనుక గొప్పగా చెప్పుకునే మాటలని కొట్టిపారేయడానికి సిద్ధపడే కూర్చున్నాను, కానీ గ్లాసు నా నోరు మూయించింది. మొదటి గుటకలో తేగ, దాని వెంటే పచ్చి నిమ్మతొక్క, ఆ తరువాత ఉప్పునీటిలో ఊరిన ఉసిరికాయలాంటి ఒక ఉప్పదనం, చివరన మిరియం ఘాటు వచ్చాయి. గొంతు కాలలేదు, వెచ్చబడింది. నీరు కలపలేదు, ఉప్పు ముట్టలేదు. ఖాళీ చేసి కడగకుండా వదిలేసిన గ్లాసును మర్నాడు ఉదయం చూస్తే అడుగున ఇంకా ఆ తేగ వాసన నిలిచి ఉంది. మంచి బ్లాంకోకు ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు దొరకలేదు. లోపం చెప్పాలంటే ఒక్కటే, మొదటి పది నిమిషాలు మద్యపు ఆవిరి ముక్కుకు పొడుచుకుంటుంది. గ్లాసులో పోసి కాసేపు వదిలేస్తే తగ్గుతుంది. చేత్తో ఊదిన సీసా, అగావే దుంప ఆకారంలో ఉన్న మూత చూడముచ్చటగా ఉంటాయి, మా అక్క అప్పుడే ఖాళీ సీసాను దీపపు నూనెకు అడిగి పెట్టుకుంది.

బ్లాంకోకే ఇంత చోటు ఇవ్వడం కావాలనే. పీపాలో పెట్టని సరుకులో దాచుకోవడానికి చోటు ఉండదు, అగావే ముదిరిందా లేతదా, పొయ్యి సరిగా కాలిందా, బట్టీలో మొదటి, చివరి భాగాలు సరిగా తీసేశారా అన్నది నేరుగా నాలుకకు తెలుస్తుంది. నీరా దించిన వెంటనే తాగి ఆ చెట్టు గుణం చెప్పే గీత కార్మికులను చిన్నప్పుడు చూశాను. నిలవ ఉంచి పులిసిన కల్లు తాగి ఆ మాట చెప్పడం వారికీ సాధ్యం కాదు. మెక్సికోలో కూడా అగావే జాతి మొక్కల రసాన్ని పులియబెట్టి పుల్కే అనే తెల్లని పానీయం చేసుకుంటారు, అది మన కల్లులాగే తాజాగా తాగవలసినది. బట్టీ పెట్టే టెకీలా దాని తరువాత పుట్టింది.

ఎర్రదూరా రెపొసాడో దారి వేరు. హలిస్కోలోని అమతితాన్‌లో 1870 నుంచి నడుస్తున్న బట్టీ అది, గాలిలో సహజంగా ఉండే ఈస్టుతోనే పులియబెడతామని చెప్పుకుంటారు. రెపొసాడో అనిపించుకోవడానికి ఓక్ చెక్కలో 2 నెలలు ఉంటే చట్టానికి సరిపోతుంది, వీరు 11 నెలలు ఉంచుతారు. దానివల్ల రంగు పుట్టతేనెలా ముదిరి, తేగ రుచి వెనక్కు జరిగి, దాల్చినచెక్క, మాగిన అరటిపండు, కాస్త బెల్లంపాకం ముందుకు వస్తాయి. భోజనం తరువాత నెమ్మదిగా చప్పరించడానికి ఇదే బాగుందని బావగారి తీర్పు. విస్కీ అలవాటున్నవారికి తొలి మెట్టుగా నేనూ దీనినే సూచిస్తాను. నాకు మాత్రం మూడో వారానికి చెక్క రుచి కొంచెం ఎక్కువనిపించింది. పులస పులుసులో బెండకాయ ఉండవచ్చు, చేప కనబడకుండా పోకూడదు.

పీపా వయసు పెరిగితే నాణ్యత పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర విస్కీ నుంచి వచ్చింది. ఏడాది దాటితే అన్యెహో, మూడేళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యెహో అంటారు. ఈ చివరి తరగతి 2006లో చేర్చినది. వాటి ధర చెక్కకూ కాలానికీ చెల్లిస్తున్నది, అగావేకు కాదు. అంతకంటే జాగ్రత్త పడవలసిన విషయం మరొకటి ఉంది. మాడ్చిన చక్కెర రంగు, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం అనే నాలుగింటిని బరువులో 1 శాతం లోపు కలిపితే ఆ సంగతి సీసా మీద రాయనవసరం లేదు. అందుచేత 100 శాతం అగావే అన్న మాట అవసరమే కానీ సరిపోదు. పుట్టినరోజు కేకు దుకాణంలా వెనిలా గుప్పుమన్నా, నోటిలో నూనెలా జారుతూ తీపి వదలకపోయినా నేను అనుమానిస్తాను.

తాగే పద్ధతిలో చెప్పవలసినది కొంచెమే. స్టీలు గ్లాసు వద్దు, అంచు లోపలికి వంగిన చిన్న వైన్ గ్లాసు మేలు. మంచుముక్క వేస్తే వాసన ముడుచుకుపోతుంది. మా వైపు ఉక్కకు తట్టుకోలేకపోతే సీసాను పది నిమిషాలు చల్లని నీటిలో ఉంచితే చాలు.

కొనేవారికి అసలు ఆధారం సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే నోమ్ అనే నాలుగంకెల సంఖ్య. ప్రతి బట్టీకి ఒక సంఖ్య ఉంటుంది. ఫోర్తలేసాకు 1493, ఎర్రదూరాకు 1119. పది రకాల పేర్లతో, పది రకాల సీసాలతో వచ్చే సరుకు ఒకే బట్టీ నుంచి దిగుతూ ఉంటే ఈ సంఖ్య బయటపెడుతుంది. ధవళేశ్వరం దగ్గర పులస కొనేటప్పుడు అది గోదావరిలో ఎదురీదినదా, మంచుపెట్టెలో బయటి నుంచి వచ్చిన ఇలసా అని మొప్పలెత్తి చూసి అడిగే మనవారికి ఈ అలవాటు కొత్త కాదు. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాక అల్మారాలో పేర్లు పెరిగాయి కానీ, నేను తిరిగిన అమలాపురం, భీమవరం దుకాణాల్లో టెకీలా ఒకటి రెండు సీసాలకు మించి కనబడలేదు, వాటిలోనూ 100 శాతం అన్న రాత ఉన్నది ఒక్కటే. యానాంలో ఎంపిక కొంత మెరుగు, అయితే అక్కడ కొన్నది అక్కడే తాగి రావాలి, సరిహద్దు దాటించడం నేరం. మెక్సికోలో హలిస్కో, మరో నాలుగు రాష్ట్రాల్లో నిర్ణయించిన ప్రాంతాల బయట చేసినది టెకీలా కాదు కనుక, మన కిత్తనారతో చిత్తూరు జిల్లాలో బట్టీ పెట్టే డెస్మండ్‌జీ అనే సంస్థ తన సరుకును అగావే మద్యమనే పిలుచుకుంటుంది. దానిని నేనింకా రుచి చూడలేదు, చూడాలని ఉంది.

పదికి మార్కులు వేయమంటే ఫోర్తలేసా బ్లాంకోకు తొమ్మిది, ఎర్రదూరా రెపొసాడోకు ఏడున్నర వేస్తాను. మొదటిది అరంగుళం మిగిలి ఉంది, రెండోదానిలో సగానికి పైగా ఉంది. వచ్చే సంక్రాంతికి ఏం తెమ్మంటావని బావగారు మొన్న ఫోనులో అడిగితే, పేరు చెప్పలేదు. కొనేముందు దుకాణంలో సీసా వెనుక వైపు ఫోటో తీసి పంపమన్నాను.