క్లాస్-ఎ ఆంప్లిఫయర్ కిట్ కొనేవాళ్లూ జాగ్రత్త: మోటోరోలా గుర్తు చూసి డబ్బులు కట్టకండి

"10 వాట్ల క్లాస్-ఎ స్టీరియో కిట్, ఒరిజినల్ మోటోరోలా ట్రాన్సిస్టర్లు, కాపర్ ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా" అని ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ అమ్ముతున్నాడు. ధర ఏడు వేలకు కాస్త తక్కువ. నల్లగొండ, మిర్యాలగూడ వైపు పాటల పిచ్చి ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ లింకు బాగా తిరుగుతోంది. ఇంకా కొననివాళ్లు కొనకండి. ఇప్పటికే తెప్పించుకున్నవాళ్లు స్పీకర్ తగిలించక ముందే ఇది చదవండి.

సెల్లర్ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను తెప్పించుకున్న కిట్ మీద కంప్లైంట్ నడుస్తోంది. పైగా అవే ఫొటోలతో ఇంకో పేరు మీద కూడా లిస్టింగ్ కనిపిస్తోంది, కాబట్టి పేరుకన్నా సరుకును గుర్తుపట్టడం నేర్చుకుంటే మేలు.

కిట్‌లోని సర్క్యూట్‌కు వంక పెట్టడానికి లేదు. 1969లో జాన్ లిన్స్‌లీ హుడ్ ఇంగ్లండులోని 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఇచ్చిన డిజైన్ అది. ఒక్కో చానల్‌కు (ఎడమ స్పీకర్‌కు ఒకటి, కుడికి ఒకటి) నాలుగే ట్రాన్సిస్టర్లు. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఎవరైనా కట్టుకోగలరు. గొంతు, వయొలిన్, నాదస్వరం దాంట్లో ఎంత హాయిగా వినిపిస్తాయో విన్నవాళ్లకే తెలుసు. గొడవంతా పార్టుల్లోనే ఉంది.

క్లాస్-ఎ సంగతి ముందు ఒక్క మాటలో చెప్పాలి, లేకపోతే మోసం ఎక్కడుందో అర్థం కాదు. మామూలు ఆంప్లిఫయర్ పాట లేనప్పుడు దాదాపు ఖాళీగా ఉంటుంది. క్లాస్-ఎ మాత్రం రైతు లేకున్నా నడిచే ఆటోస్టార్టర్ మోటరు లాంటిది, పాట ఉన్నా లేకున్నా కరెంటు లాగుతూనే ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఈ డిజైన్ లెక్క 27 వోల్టులు, 1.2 ఆంపియర్లు. గుణిస్తే చానల్‌కు 32 వాట్లు, రెండు చానళ్లకు 65 వాట్ల వేడి. స్పీకర్‌ను నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు చానల్‌కు రెండు, ఒక్కోటి 16 వాట్లు మోయాలి, అదీ ఆన్ చేసినంతసేపూ. అందుకే మామూలు ఆంప్‌లో ఏళ్ల తరబడి బయటపడని డూప్లికేట్ మాల్ క్లాస్-ఎలో ఒక పూటలోనే బయటపడుతుంది.

కిట్‌లో వచ్చిన ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు 2ఎన్3055 నంబరువి. అసలు 3055 అయితే 60 వోల్టులు, 15 ఆంపియర్లు, కేస్ (పైనున్న లోహపు డబ్బా) 25 డిగ్రీల దగ్గర ఉంటే 115 వాట్లు తట్టుకుంటుంది. కేస్ 80 డిగ్రీలకు చేరినా ఇంకా 75 వాట్లకు పైగా మోస్తుంది. దానికి 16 వాట్లు లెక్కే కాదు. నాకు వచ్చినవి మాత్రం బయాస్ (పాట లేనప్పుడు పారే కరెంటు) 1.2 ఆంపియర్ల దగ్గర సెట్ చేసి వదిలితే కాసేపటికి 1.4 దాటాయి, తగ్గించినా మళ్లీ ఎక్కాయి. చివరికి ఒక చానల్‌లో ఒకటి షార్ట్ అయింది. స్పీకర్‌లో ధబ్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఇది ఔట్‌పుట్‌లో డీసీని ఆపే పెద్ద కెపాసిటర్ ఉన్న పాత పద్ధతి సర్క్యూట్ కాబట్టి స్పీకర్ బతికింది. ప్లస్-మైనస్ సప్లైతో నేరుగా స్పీకర్‌కు కలిపే రకం అయ్యుంటే కాయిల్ కాలిపోయేది.

హీట్‌సింక్ (ట్రాన్సిస్టర్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు ముక్క) చిన్నదై ఉంటుందని సెల్లర్ వాదన. అది కిట్‌తో వచ్చిన హీట్‌సింక్ గురించైతే నిజమే, అరచేయంత ముక్క పంపాడు. "10 వాట్లే కదా, చాలు" అని లిస్టింగ్‌లో రాశాడు కూడా. స్పీకర్‌కు వెళ్లేది 10 వాట్లు, హీట్‌సింక్ మోయాల్సింది 32 అని కొనేవాళ్లకు తెలియదన్న ధీమా అది. నేను దాన్ని వాడనే లేదు. హైదరాబాద్ కోఠిలో తూకానికి కొన్న పెద్ద ఫిన్నుల హీట్‌సింక్‌లు చానల్‌కు ఒకటి పెట్టాను. ఈ లెక్క మీరూ వేసుకోండి: వాట్‌కు 0.6 డిగ్రీలు పెరిగే హీట్‌సింక్ అయితే 32 వాట్లకు గది వేడి మీద సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. వాట్‌కు 2 డిగ్రీలు పెరిగేదైతే 64. ఇంగ్లండు చలిలో ఎలాగోలా నెట్టుకురావచ్చు. మే నెలలో నల్లగొండలో నీడపట్టునే 44 డిగ్రీలు ఉంటుంది, దాని మీద 64 వేసుకుంటే నీళ్లు మరిగేంత వేడి.

షార్ట్ అయినదాని టోపీని హ్యాక్‌సా బ్లేడుతో కోసి చూశాను. పక్కన పాత పవర్ సప్లై నుంచి తీసిన 3055ను కూడా కోసి పెట్టాను. కిట్‌లోని దాని సిలికాన్ చిప్పు పాతదాంట్లో సగం కూడా లేదు. చిన్న ట్రాన్సిస్టర్‌ను పెద్ద డబ్బాలో కూర్చోబెట్టి పైన పేరు కొట్టారన్నమాట.

కోయకుండానే పట్టుకునే గుర్తు ఇంకోటి ఉంది. ట్రాన్సిస్టర్ మీద మోటోరోలా 'ఎం' గుర్తు, దాని కింద డేట్ కోడ్ ప్రకారం 2018 తయారీ. మోటోరోలా ఈ వ్యాపారాన్ని 1999లోనే విడగొట్టింది, అదే ఆన్ సెమీకండక్టర్ అయింది. మరి 2018లో ఆ గుర్తు ఎవరు వేశారు? ఆర్‌సీఏ గుర్తుతో 'కొత్త సరుకు' అన్నా ఇంతే, ఆ కంపెనీ సెమీకండక్టర్ విభాగం 1980ల చివర్లోనే చేతులు మారింది. మోసం చేసేవాళ్లు కూడా కాస్త చరిత్ర చదవొచ్చు కదా అనిపించింది. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే అక్షరాలు చెరిగిపోయాయి.

మల్టీమీటర్‌లో గెయిన్ (ట్రాన్సిస్టర్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ నంబరు) చూసి సరే అనుకోకండి. మీటర్ చాలా చిన్న కరెంటు మీద కొలుస్తుంది, డూప్లికేట్ కూడా మంచి నంబరే చూపిస్తుంది. మంచి హీట్‌సింక్‌కు బిగించి, 12 వోల్టులు 1.3 ఆంపియర్ల దగ్గర అరగంట నడిపించి చూడండి. హీట్‌సింక్ వేడి నిలకడకు వచ్చాక కూడా కరెంటు పాకుతూనే ఉంటే ఆ సరుకు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ కథ ఇంకా ఘోరం. లేబుల్ మీద 24 వోల్టులు 5 ఆంపియర్లు, కాపర్ అని ఉంది. లోడు మీద 19కి పడిపోయింది, చేయి పెట్టలేనంత కాలింది. మా దగ్గర బోరు మోటర్లు చుట్టే వైండింగ్ మేస్త్రీకి చూపిస్తే చేతిలో ఎత్తి చూసి, "అన్నా, ఇది అల్మినియం. బరువే లేదు" అన్నాడు. తీగ మీది ఎనామిల్ గీకితే లోపల వెండి రంగు. ఇలాంటి మేస్త్రీలు మన జిల్లాలో ప్రతి మండలంలో ఉన్నారు. వోల్టులు, ఆంపియర్లు చెబితే మీ కళ్ల ముందే రాగితో చుట్టిస్తారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, రెండు చానళ్లకు కలిపి డీసీలో 2.4 ఆంపియర్లు కావాలంటే సెకండరీ (ఔట్‌పుట్ వైపు) తీగ కనీసం నాలుగు ఆంపియర్లకు పైనే మోయాలి. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి, కెపాసిటర్ల ముందు ఏసీ కరెంటు ఎక్కువ లాగుతుంది.

కెపాసిటర్ల మీద 10,000 మైక్రోఫారడ్ అని ఉంటే మీటర్ 4,000 దగ్గర చూపించింది. క్లాస్-ఎకు ఇది వంద హెర్ట్జ్ హమ్‌గా (గుయ్యిమనే మోతగా) చెవికి తగులుతుంది. కొలిచే ముందు రెసిస్టర్ పెట్టి డిశ్చార్జ్ చేయడం మరవకండి. మెయిన్స్ తీగ రెండు పిన్నులది, ఎర్త్ లేదు, ఫ్యూజు లేదు. ఇనుప క్యాబినెట్‌లో బిగించే వస్తువుకు ఎర్త్ లేకుండా పంపినందుకే వాడి మీద కేసు పెట్టొచ్చు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్‌లో బల్బు పెట్టే అలవాటున్నవాళ్లకు ఒక మాట. క్లాస్-ఎలో అంతా బాగున్నా బల్బు వెలుగుతుంది, ఎందుకంటే ఈ ఆంప్ నిద్రలో కూడా కరెంటు తాగుతుంది. 60 వాట్ల బల్బు పెడితే వెలిగిందని కంగారు పడకండి. షార్ట్ లేదని బల్బుతో చూసుకున్నాక, బయాస్‌ను మాత్రం మీటర్‌తోనే సెట్ చేయాలి.

సెల్లర్ మొదట "మీరే తప్పు కనెక్షన్ ఇచ్చారు సార్" అన్నాడు. కోసిన ఫొటోలు పంపాక కొత్త ట్రాన్సిస్టర్లు పంపుతానన్నాడు. అవీ అదే 'ఎం' గుర్తుతోనే వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ "వాడేశారు కాబట్టి" వాపసు లేదట. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. సెల్లర్ ఏ రాష్ట్రంలో ఉన్నా మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచండి, గుర్తులు, డేట్ కోడ్లు దగ్గరగా కనిపించాలి.

ఇప్పటికే కిట్ చేతికి వచ్చినవాళ్లు పీసీబీని (పార్టులు సోల్డర్ చేసే బోర్డును) పారేయకండి. ట్రాక్‌లు మందంగా ఉన్నాయి, డ్రిల్లింగ్ సరిగ్గా ఉంది, మొత్తం పెట్టెలో పనికొచ్చేది అదొక్కటే. ట్రాన్సిస్టర్లు మాత్రం బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర ఆన్ సెమీ గుర్తుతో ఉన్నవి తీసుకోండి. ట్రాన్సిస్టర్ మూడు కనెక్షన్లలో ఒకటైన కలెక్టర్ కేస్‌కే కలిసి ఉంటుంది కాబట్టి కరెంటు దాటనివ్వని మైకా వాషర్, బుష్ పెట్టి బిగించి, కేస్ హీట్‌సింక్‌కు తగలడం లేదని మీటర్‌తో చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి.