బిల్డర్‌తో బేరం: ఆ ఇంట్లో ఏళ్లు గడిచాక ఏ రాయితీ నిలిచింది

కొత్త ఫ్లాట్ కొనేటప్పుడు బిల్డర్ ఇచ్చే రాయితీలన్నీ సంతకం రోజున ఒకేలా ముద్దొస్తాయి. కొన్నేళ్లు కాపురం ఉన్నాక లెక్క మారుతుంది. ఉచితంగా వచ్చిన మాడ్యులర్ కిచెన్‌లో సింక్ కింది పార్టికల్ బోర్డు తడికి ఉబ్బిపోతుంది. గోడలు లేస్తున్నప్పుడే అడిగి పెట్టించుకున్న అదనపు ప్లగ్ పాయింట్లు, ఏసీ కోసం వేయించిన ఖాళీ పైపు మాత్రం రోజూ పనికొస్తాయి. గోడ కట్టేటప్పుడు బిల్డర్‌కు వాటి ఖర్చు దాదాపు లేనట్టే. తర్వాత చేయించాలంటే గోడ పగలగొట్టాలి, పూత పెట్టాలి, మళ్లీ రంగు వేయాలి. కాబట్టి ఎంత తగ్గించారన్న దానికంటే ఏది తగ్గించారన్నదే పెద్ద ప్రశ్న.

చదరపు అడుగు రేటు దగ్గర బిల్డర్లు ఎందుకంత మొండికేస్తారో ముందు అర్థం చేసుకోవాలి. మీకు తగ్గించిన రేటు రిజిస్ట్రేషన్ పత్రాల్లోకి ఎక్కుతుంది. తర్వాత వచ్చే ప్రతి కొనుగోలుదారూ దాన్నే చూపిస్తాడు, ఇంటి విలువ కట్టే బ్యాంకు వాల్యుయర్ కూడా అదే చూస్తాడు, ఇంతకుముందే కొన్నవాళ్లు ఆఫీసుకొచ్చి నిలదీస్తారు. 60 ఫ్లాట్లు ఇంకా అమ్మాల్సి ఉండగా ఒకరికి ఇచ్చిన 4 శాతం మిగతా అన్నిటికీ పాకే ప్రమాదం ఉంది. అందుకే ‘రేటు మా చేతుల్లో లేదండీ’ అన్న నోటితోనే పార్కింగ్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తులకు వేసే అదనపు ఛార్జీ), కార్నర్ ఛార్జీ, క్లబ్‌హౌస్ రుసుము వదులుకోవడానికి ఒప్పుకుంటారు. అవేవీ ఎవరికీ కనిపించవు. మీ జేబుకు మాత్రం తేడా లేదు.

రేటు మీద నేరుగా బేరం సాగేది ఇల్లు పూర్తయ్యి చివరి కొన్ని ఫ్లాట్లు మిగిలినప్పుడు. అప్పుడు రేటును కాపాడుకోవాల్సిన అవసరం పెద్దగా ఉండదు, నిర్మాణ రుణం మీద వడ్డీ, కాపలా, ఖాళీ ఫ్లాట్ల మెయింటెనెన్స్ మాత్రం నెలనెలా పడుతుంటాయి. అయితే చివరిదాకా మిగిలిన ఫ్లాట్ ఎందుకు మిగిలిందో చూసుకోవాలి. లిఫ్ట్ మోటారు గది పక్క గోడ, కిటికీ ఎదుట జనరేటర్, చెత్త గది పైన బాల్కనీ వంటివి కొన్న తర్వాత ఏ తగ్గింపూ మరిపించదు.

రెండు ప్రాజెక్టుల రేట్లు పోల్చేటప్పుడు గోడలు, మెట్లు, లిఫ్ట్ వంటి ఉమ్మడి స్థలాల వాటా కూడా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియాను పక్కన పెట్టేయండి. ఉదాహరణకు, ఒకచోట అడుగుకు 100 చొప్పున 1,500 అడుగులు, అందులో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే స్థలం, 1,000. ఇంకోచోట అడుగుకు 106 చొప్పున 1,450 అడుగులు, కార్పెట్ 1,050. మొదటిది చవకగా కనిపిస్తుంది గానీ, నిజంగా కాలు పెట్టే అడుగుకు అక్కడ 150 పడుతుంది, రెండోచోట 146 చిల్లర. ఈ లెక్క కాగితం మీద వేసి సేల్స్ మేనేజర్ ముందు పెడితే చర్చ వెంటనే వేరే స్థాయికి వెళ్తుంది. కొంతమంది మేనేజర్లకు ఇది నచ్చదు, అది వాళ్ల సమస్య.

చాలామంది అడగనిది వాయిదాల షెడ్యూల్. ధరలో 20 శాతాన్ని ఒక ఏడాది వెనక్కి జరిపిస్తే, మీ రుణం వడ్డీ 9 శాతమైతే, ధరలో 1.8 శాతం మిగిలినట్టే. 2 శాతం డిస్కౌంట్ కోసం వారాల తరబడి పోరాడేవాళ్లు దాదాపు ఇదే మొత్తాన్ని ఒక్క మాటతో తెచ్చుకోవచ్చు. వాయిదాలు తేదీలకు కాకుండా స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్ వంటి పనులకు ముడిపడి ఉండాలి. తేదీలకు ముడిపడితే పని ఆగినా డబ్బు మాత్రం వెళ్తూనే ఉంటుంది.

వడ్డీ రాయితీ ఆఫర్లను అంకెల్లోకి మార్చి చూడాలి. ధరలో 80 శాతం అప్పు తీసుకున్నారనుకుందాం, రెండేళ్లపాటు ఆ అప్పు మీద ఏటా 2 శాతం వడ్డీ బిల్డర్ భరిస్తానన్నాడు. మొత్తం కలిపి ధరలో సుమారు 3 శాతం. అదే 3 శాతం ధరలో తగ్గించమనండి. రుణం ముందే తీర్చేసినా ఇల్లు అమ్మేసినా వడ్డీ రాయితీ మధ్యలో పోతుంది, తగ్గిన ధర పోదు. ‘తాళాలిచ్చే దాకా ఈఎంఐ మేమే కడతాం’ అన్న పథకాలకు మాత్రం దూరంగా ఉండటమే మంచిది. అప్పు మీ పేరు మీదే ఉంటుంది, బిల్డర్ కట్టడం ఆపితే బ్యాంకు మీ ఇంటికే వస్తుంది.

ఉచిత వస్తువుల విలువను ధరలో కలిపేసిన ఒప్పందంలో ఇంకో చిక్కుంది. ఒప్పంద ధర, వాల్యుయర్ చెప్పిన విలువ, ఈ రెండిట్లో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుని బ్యాంకు అప్పు ఇస్తుంది. వాల్యుయర్ ఏసీలనూ ఫర్నిచర్‌నూ లెక్కపెట్టకపోతే ఆ తేడా సొంత డబ్బులోంచి తేవాలి.

కాగితం సంగతికి వద్దాం, ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ‘ఇంతకుముందు జరిగిన సంభాషణలు, బ్రోచర్లు ఈ ఒప్పందంలో భాగం కావు’ అనే వాక్యం దాదాపు ప్రతి అగ్రిమెంట్‌లోనూ దొరుకుతుంది. దాంతో నోటిమాటలన్నీ చెల్లకుండా పోతాయి. ఒప్పుకున్న ప్రతి అంశమూ అనుబంధంలో బ్రాండు, మోడలు, సంఖ్య, గడువుతో సహా ఉండాలి. ‘నాణ్యమైన ఫిట్టింగ్స్’ అని రాస్తే ఏదైనా బిగించొచ్చు. తాళాలిచ్చాక క్యాష్‌బ్యాక్ ఇస్తామన్నా ఒప్పుకోకండి, మొదటి వాయిదాలోనే తగ్గించమనండి. ‘ఈరోజే బుక్ చేస్తేనే సార్’ అంటే, ‘అదే మాట మెయిల్‌లో పంపండి, రేపు చెప్తాం’ అనండి. మెయిల్ రాకపోతే ఆ ఆఫర్‌కు అధికారం ఉన్నవాళ్లెవరూ ఒప్పుకోలేదని అర్థం.

ఏరియా తేడా నిబంధనను రెండుసార్లు చదవాలి. నిర్మాణం ముగిశాక విస్తీర్ణం పెరిగితే ఆ మేరకు అదనంగా కట్టాలని అందులో ఉంటుంది. 3 శాతం తగ్గించుకున్న ధర, 3 శాతం పెరిగిన ఏరియాతో మళ్లీ మొదటికొస్తుంది. తేడాను కార్పెట్ ఏరియా మీదే కొలవాలని, 2 శాతం లోపు అయితే ఎటువైపూ చెల్లింపు ఉండకూడదని రాయించుకోవాలి. సిమెంటు, ఇనుము ధరలు పెరిగితే వసూలు చేస్తామనే వాక్యం ఉంటే కొట్టేయించాలి. కుదరకపోతే దానికొక గరిష్ఠ పరిమితి పెట్టించాలి.

చివరి వాయిదా చేతిలో ఉన్నంతవరకే మీ మాటకు బలం. కనీసం 5 శాతాన్ని తనిఖీలో తేలిన లోపాలు సరిచేశాకే కడతామని ముందే ఒప్పందంలో పెట్టించాలి, తాళాల రోజున అడిగితే వినరు. తనిఖీకి బిల్డర్ మనిషిని కాకుండా సొంత ఇంజనీరును తీసుకెళ్లండి. టైల్స్‌ను కర్రతో తడుతూ వెళ్తే బోలు చప్పుడు వచ్చినచోట కింద సిమెంటు పట్టలేదని తెలుస్తుంది. బాత్రూమ్ జాలీ మూసి నీళ్లు నింపి 24 గంటలు వదిలి, కింది అంతస్తు సీలింగ్ చూడాలి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి షవర్ ధార చూడాలి. ఈ లోపాలకు బదులు డబ్బు తగ్గిస్తామంటారు. రంగుకైతే తీసుకోవచ్చు, వాటర్‌ప్రూఫింగ్‌కు మాత్రం వద్దు, పని చేయించుకోవాల్సిందే. బయటివాళ్లను పెట్టి చేయించుకుంటే ‘మీరే ముట్టుకున్నారు’ అని బిల్డర్ వారంటీ నుంచి తప్పుకుంటాడు.

లాంచ్ రోజున టోకెన్ల కోసం క్యూ కట్టే ప్రాజెక్టుల్లో ఈ పద్ధతి పెద్దగా నడవదు. అక్కడ ధర కదలదు. షెడ్యూలు, ఏరియా నిబంధన, బుకింగ్ రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందన్నది, ఈ మూడిట్లో కనీసం ఒక్కటైనా మార్చించుకోవడానికి ప్రయత్నించండి.