చిన్న బాయ్స్ స్కూల్లో ఇయర్ 7 నుంచి ఏ లెవెల్స్ దాకా: చదువు, అడ్మిషన్ల మీద ఒక అమ్మ సమీక్ష

ఇంగ్లండ్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కలిసి స్కూళ్ల గురించి మాట్లాడుకుంటే తిరిగేది గ్రామర్ స్కూళ్ల (పరీక్ష పెట్టి చేర్చుకునే, ఫీజు లేని ప్రభుత్వ స్కూళ్లు) చుట్టూనే. లేదంటే లీగ్ టేబుళ్లలో, అంటే రిజల్ట్స్ ర్యాంకుల్లో, పైన కనిపించే పెద్ద ప్రైవేటు స్కూళ్ల చుట్టూ. వీటి మధ్యలో పెద్దగా పేరు లేని చిన్న ఇండిపెండెంట్ (అంటే ప్రైవేటు) స్కూళ్లు చాలా ఉన్నాయి, వాటి గురించి రాసేవాళ్లే తక్కువ. మా పెద్దవాడు 2018 సెప్టెంబరులో అలాంటి ఒక బాయ్స్ డే స్కూల్లో ఇయర్ 7లో (పదకొండేళ్లకు మొదలయ్యే సెకండరీ మొదటి క్లాసు) చేరి, 2025లో ఏ లెవెల్స్ (పద్దెనిమిదేళ్లకు రాసే చివరి స్కూలు పరీక్షలు) రాసి బయటికొచ్చాడు. చిన్నవాడు ఇంకా అక్కడే చదువుతున్నాడు. స్కూలు పేరు చెప్పను. హాస్టల్ లేదు. ఒక్కో ఇయర్‌కి రెండు సెక్షన్లు, సెక్షన్‌కి ఇరవైమంది లోపు పిల్లలు. పదహారేళ్లు వచ్చేవరకు అక్కడి చదువు మావాడికి బాగా సరిపోయింది. ఆ తర్వాత మాత్రం స్కూలు చిన్నది కావడమే ఇబ్బందైంది.

ముందు రిజల్ట్స్ సంగతి. ఓపెన్ డే (తల్లిదండ్రులు స్కూలు చూడటానికి వెళ్లే రోజు) నాడు చేతిలో పెట్టే బ్రోషర్‌లో "జీసీఎస్‌ఈలో 9, 8, 7 గ్రేడ్లు ఇంత శాతం" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. జీసీఎస్‌ఈ అంటే పదహారేళ్లకు రాసే పరీక్షలు, వాటిలో 9 అన్నిటికన్నా పై గ్రేడు. బ్యాచ్‌లో ముప్పై ఆరుగురు ఉంటే ఒక్క పిల్లాడు దాదాపు 3 శాతం. ఏ లెవెల్స్‌లో ఇరవైమందే మిగిలితే ఒక్కడే 5 శాతం. ఇద్దరు బాగా చదివే పిల్లలు వేరే స్కూలుకి వెళ్లిపోతే శాతం పడిపోతుంది, మరుసటి ఏడాది ఇద్దరు వచ్చి చేరితే లేస్తుంది. అందులో స్కూలు గొప్పతనమూ లేదు, తప్పూ లేదు. కనీసం మూడు నాలుగేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అందులో 2020, 2021 రిజల్ట్స్ కలిపితే లెక్క తప్పుతుంది. కోవిడ్ వల్ల ఆ రెండేళ్లూ పరీక్షలు జరగలేదు, టీచర్లు ఇచ్చిన గ్రేడ్లే ఖాయమయ్యాయి. ఇంగ్లండ్‌లో గ్రేడింగ్ మళ్లీ కోవిడ్‌కి ముందున్న స్థాయికి వచ్చింది 2023లో. మావాడు జీసీఎస్‌ఈ రాసింది సరిగ్గా ఆ ఏడాదే.

ప్రభుత్వం పెట్టే పర్ఫార్మెన్స్ టేబుల్స్ చూసి కంగారు పడేవాళ్లూ ఉన్నారు. ప్రైవేటు స్కూళ్లు చాలావరకు మ్యాథ్స్, ఇంగ్లిష్ లాంటివాటికి ఐజీసీఎస్‌ఈ (జీసీఎస్‌ఈకి అంతర్జాతీయ రూపం) రాయిస్తాయి. ఆ టేబుల్స్‌లో అవి లెక్కకు రావు. అందుకే మంచి పేరున్న స్కూళ్ల పక్కన కూడా సున్నా కనిపిస్తుంది. మా ఆయన ఆ సున్నా చూసి ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాడు. స్కూలుకి ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నావిడ, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారని నవ్వేసింది.

శాతాలకన్నా పనికొచ్చేది వాల్యూ యాడెడ్. పిల్లాడు ఏ స్థాయిలో చేరాడు, ఏ స్థాయిలో బయటికొచ్చాడు అన్న లెక్క అది. చాలా స్కూళ్లు ఇయర్ 7లో క్యాట్4 అనే పరీక్ష పెడతాయి. దాంట్లో మాటలతో, అంకెలతో, బొమ్మలతో, ఆకారాలతో ఆలోచించే శక్తిని విడివిడిగా చూస్తారు, సగటు 100. మా స్కూల్లో చేరే పిల్లల్లో 130 దాటినవాళ్లూ ఉండేవారు, 100 దగ్గర ఉన్నవాళ్లూ ఉండేవారు. 100 దగ్గరున్న పిల్లల జీసీఎస్‌ఈలు ఎలా వచ్చాయని ఓపెన్ డేలో డిప్యూటీ హెడ్‌ని అడిగాను. పేర్లు లేకుండా ఒక కాగితం తీసి చూపించారు. నేను చూసిన పెద్ద స్కూళ్లలో ఇదే ప్రశ్నకు వచ్చిన సమాధానం "మా పిల్లలందరూ చాలా బాగా చేస్తారు" అనే.

ఇక అడ్మిషన్. ఇయర్ 6 మొదట్లోనే, అంటే శరత్కాలంలోనే రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఆ ఫీజు కట్టాక పరీక్షకు వెళ్లినా వెళ్లకపోయినా తిరిగి రాదు. నాలుగైదు స్కూళ్లకు పెడితే అదే ఒక మంచి మొత్తం అవుతుంది. పెద్దవాడికి స్కూలు తనే పేపర్లు పెట్టింది: ఇంగ్లిష్, మ్యాథ్స్, కొంచెం వెర్బల్ రీజనింగ్. చిన్నవాడి సమయానికి చాలా స్కూళ్లలో లాగే అక్కడా కంప్యూటర్ మీద రాసే ఐఎస్‌ఈబీ ప్రీటెస్ట్ (చాలా ప్రైవేటు స్కూళ్లు కలిసి వాడే ప్రవేశ పరీక్ష) వచ్చింది. పిల్లాడి జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టంగానో తేలికగానో మారుతుంది. వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదు. కష్టమైనవి వదిలేసి చివర్లో చూసుకుందామనే అలవాటున్న పిల్లలకు ఇది ముందే చెప్పకపోతే పరీక్షలో బెంబేలెత్తిపోతారు. ఒకసారి రాస్తే ఆ మార్కులే అడిగిన స్కూళ్లన్నిటికీ వెళ్తాయి.

చిన్న స్కూల్లో అడ్మిషన్ నిజంగా తేలేది ఇంటర్వ్యూలో. పెద్ద స్కూళ్లలో వందలమంది వస్తారు కాబట్టి ముందు మార్కులతో వడపోస్తారు. ఇక్కడ వచ్చిన ప్రతి పిల్లాడితో హెడ్ స్వయంగా కూర్చున్నారు. మావాడి ముందు ఒక గ్రాఫ్ పెట్టారట. పక్కనా కిందా ఏమీ రాసి లేదు. "ఇది దేని గురించి అయ్యుంటుంది?" అని అడిగితే, బాత్‌టబ్‌లో నీళ్లు నింపడం అన్నాడట వీడు. "మరి ఈ మధ్యలో ఒక్కసారిగా ఎందుకు లేచింది?" అంటే, నాన్న అందులో దిగాడు అన్నాడట. ఆ ఇంటర్వ్యూ కోసం మేము డబ్బు కట్టిన ట్యూషన్ సెంటర్‌లో "నీకు ఇష్టమైన పుస్తకం ఏది" అనే ప్రశ్నకు బట్టీ పట్టించిన జవాబు అసలు వాడనే లేదు. ఓ సూచన ఇచ్చినప్పుడు పిల్లాడు దాన్ని అందుకుంటాడా, మొండిగా మొదటి మాట మీదే ఉంటాడా అన్నది చూస్తామని తర్వాత హెడ్ చెప్పారు. ప్రైమరీ స్కూల్ హెడ్ రాసే రిఫరెన్స్‌కి కూడా చాలా విలువుంది. మనకు అలవాటైన రికమెండేషన్ లెటర్లు, ఎవరినైనా పట్టుకోవడాలు ఇక్కడ పనికిరావు.

తేదీల విషయంలో ఒక చిక్కుంది. ప్రైవేటు స్కూళ్ల ఆఫర్లు మామూలుగా ఫిబ్రవరిలో వస్తాయి. స్టేట్ (ప్రభుత్వ) స్కూళ్ల ఆఫర్లు వచ్చేది మార్చి 1న, గ్రామర్ స్కూళ్లూ అందులోనే. ప్రైవేటు స్కూలు సీటు ఖాయం చేసుకునే గడువు మార్చి మొదటి రోజుల్లో ఉంటే సరే. చిన్న స్కూళ్లు కొన్ని ఇంకా ముందే డిపాజిట్ అడుగుతాయి. ఆ సంతకం పెట్టేముందు షరతుల కాగితం మొత్తం చదవండి. సీటు వద్దనుకున్నా, మధ్యలో మాన్పించాలనుకున్నా ఒక పూర్తి టర్మ్ (స్కూలు ఏడాదిలో మూడో వంతు) ముందు రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ఒక టర్మ్ ఫీజు కట్టాల్సిందే. ఇది ఏ ఒక్క స్కూలో పెట్టుకున్న నియమం కాదు, దాదాపు అన్నిచోట్లా ఇదే.

స్కాలర్‌షిప్ అనే మాట వినగానే సగం ఫీజు పోతుందని మనవాళ్లు ఆశపడతారు. చాలాచోట్ల అది కొద్దిపాటి తగ్గింపు, కొన్నిచోట్ల గౌరవం మాత్రమే. నిజమైన సాయం బర్సరీ, అంటే ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే ఫీజు తగ్గింపు. దానికి జీతం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి విలువ అన్నీ చూపించాలి. వేరే దేశంలో ఉన్న ఆస్తులూ రాయాలి, అంటే ఊళ్లో అమ్మానాన్న పేరు మీదనుంచి మన పేరు మీదకు వచ్చిన స్థలం కూడా. ఏటా మళ్లీ పరిశీలిస్తారు. 2025 జనవరి 1 నుంచి స్కూలు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ వచ్చింది. మా పెద్దవాడి చివరి రెండు టర్ములకు అది తగిలింది. స్కూలు కొంత తను భరించి మిగతాది మా మీద వేసింది. ఆ ఏడాది ప్రతి ఇయర్ నుంచీ ఒకరిద్దరు వెళ్లిపోయారు. ఉన్నదే ముప్పై చిల్లర పిల్లలైతే ఇద్దరు పోయినా క్లాసులో తెలుస్తుంది.

చదువు విషయానికొస్తే, ఇయర్ 7 నుంచి 9 దాకా నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మావాడు నోరు విప్పని రకం. ప్రైమరీలో ముప్పైమంది క్లాసులో వెనక కూర్చుని ఎవరి కంటా పడకుండా ఏళ్లు గడిపేశాడు. పదహారుమంది ఉన్న క్లాసులో అది సాగలేదు. ప్రతి టీచరూ ప్రతిరోజూ వాడిని ఏదో ఒకటి అడిగేవారు. హిస్టరీ టీచర్ అయితే వ్యాసం వెనక్కిచ్చి, "రెండో పేరా నువ్వు నమ్మే రాశావా?" అని మార్జిన్‌లో రాసి మళ్లీ రాయించారు. మగపిల్లలు రాయడానికి బద్ధకిస్తారని అక్కడ అందరికీ తెలుసు, అందుకే సైన్స్‌తో సహా ప్రతి సబ్జెక్టులోనూ పూర్తి వాక్యాల్లో రాయించేవారు. మ్యాథ్స్ ఒక్కదానికే సెట్లు (స్థాయిని బట్టి చేసే గుంపులు) ఉండేవి, రెండు సెక్షన్లను మూడు సెట్లుగా విడగొట్టేవారు. కింది సెట్‌లో పదిమంది కూడా ఉండరు, దానికి స్కూల్లో అందరికన్నా సీనియర్ టీచరు. ఆ ఏర్పాటు చూసే మా ఆయనకు స్కూలు మీద నమ్మకం కుదిరింది.

అమ్మాయిలు లేకపోవడం గురించి చాలామంది అడుగుతారు. డ్రామా, కోయిర్, ఫ్రెంచ్ లాంటివి ఇక్కడ ఎవరికీ నామోషీ కాలేదు. అది మంచిదే. కానీ బయట అమ్మాయిలతో మామూలుగా మాట్లాడటం మావాడికి ఆలస్యంగానే వచ్చింది. వెస్ట్‌మిన్‌స్టర్ లాంటి పాత స్కూలే అమ్మాయిల్ని అన్ని క్లాసుల్లోనూ చేర్చుకోవాలని నిర్ణయించుకుంది కాబట్టి ముందు ముందు ఈ ప్రశ్నే ఉండకపోవచ్చు. చేరేటప్పుడే "కో ఎడ్ అయ్యే ఆలోచన ఉందా" అని అడగడం మంచిది.

చిన్న స్కూలు అసలు రంగు ఇయర్ 9 చివర్లో, జీసీఎస్‌ఈ సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు బయటపడుతుంది. ఎంపికలు బ్లాకులుగా ఇస్తారు, ఒక్కో బ్లాకులో ఒకటి తీసుకోవాలి. లాటిన్, జాగ్రఫీ ఒకే బ్లాకులో పడ్డాయి. జర్మన్‌కి నలుగురే చేయి ఎత్తారని దాన్ని తీసేశారు. (తెలుగుకి జీసీఎస్‌ఈ లేనే లేదు. బెంగాలీకి, గుజరాతీకి, పంజాబీకి, ఉర్దూకి ఉంది. మన సంఘాలు పండగలకు చేసే హడావుడిలో కొంత దీని మీద పెడితే బాగుండు.) ఇయర్ 10 మధ్యలో కంప్యూటర్ సైన్స్ టీచర్ మానేశారు. పెద్ద స్కూల్లో అదే సబ్జెక్టు చెప్పేవాళ్లు ఇంకో ఇద్దరు ఉంటారు. ఇక్కడ ఆయన ఒక్కరే. ఒక టర్మంతా తాత్కాలిక టీచర్లతో గడిచింది, ఆ సబ్జెక్టులో బ్యాచ్ మొత్తానికి గ్రేడ్లు తగ్గాయి. హెడ్ మీటింగ్ పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పారు, సర్దిచెప్పే ప్రయత్నం చేయలేదు. అది మెచ్చుకోవాల్సిందే గానీ గ్రేడ్లు మారవు కదా. ఓపెన్ డేలో ఒక్క టీచరే చెప్పే సబ్జెక్టులు ఏవేవో అడిగి తెలుసుకోండి.

సిక్స్త్ ఫామ్‌కి (ఏ లెవెల్స్ చదివే చివరి రెండేళ్లు) వచ్చేసరికి సగం కన్నా కొంచెం ఎక్కువమందే మిగిలారు. ఫర్దర్ మ్యాథ్స్‌లో (మామూలు మ్యాథ్స్ మీద అదనంగా తీసుకునే ఏ లెవెల్) నలుగురు. అందులో మెకానిక్స్, స్టాటిస్టిక్స్, డెసిషన్ మ్యాథ్స్ లాంటి ఐచ్ఛిక భాగాలుంటాయి. పిల్లలకు ఎంచుకునే వీలు లేదు, టీచర్‌కి ఏవి వస్తే అవే. నలుగురే కాబట్టి వారానికి ఇచ్చే పీరియడ్లు కూడా మామూలు సబ్జెక్టుకన్నా తక్కువ. మావాడు లెక్కలు ఇష్టపడే పిల్లాడు కాబట్టి ఇంట్లో కూర్చుని లాక్కొచ్చాడు. మెడిసిన్ కావాలనుకున్న వాడి స్నేహితుడికి యూక్యాట్ (మెడిసిన్ ప్రవేశ పరీక్ష) ప్రిపరేషన్ మొత్తం తల్లిదండ్రులే చూసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది మెడిసిన్‌కి పెట్టింది వాడొక్కడే మరి. యూకాస్ (యూనివర్సిటీ అప్లికేషన్లు తీసుకునే సంస్థ) రిఫరెన్స్ విషయంలో మాత్రం పెద్ద స్కూళ్లు వీళ్ల దరిదాపుల్లోకి రావు. ఏడేళ్లుగా పిల్లాడిని చూసిన ట్యూటర్ (స్కూల్లో క్లాస్ టీచర్ లాంటివారు) రాసిన మాటల్లో మా అబ్బాయి నాకు స్పష్టంగా కనిపించాడు. అక్టోబరు 15 గడువున్నవాళ్ల (ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్ లాంటివాటికి పెట్టేవాళ్ల) అప్లికేషన్లు సెప్టెంబరు దాటకుండానే పూర్తి చేయించారు.

ఎవరికి సరిపోతుందంటే, పెద్ద గుంపులో తప్పిపోయే పిల్లాడికి, ఒక సబ్జెక్టులో చురుగ్గా ఉండి ఇంకోదాంట్లో వెనకబడ్డవాడికి. ఇప్పటికే అన్నింట్లోనూ ముందుండి, తనతో సమానంగా పరిగెత్తే పదిమంది కావాలనుకునే పిల్లాడికి ఇక్కడ త్వరగా విసుగొస్తుంది. గ్రామర్ స్కూల్ సీటు వస్తే దాన్ని వదులుకుని ఇక్కడ డబ్బు కట్టమని నేను ఎవరికీ చెప్పను, పిల్లాడి స్వభావం అందుకు గట్టి కారణమైతే తప్ప. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కూడా తిరగేయండి. 2023 సెప్టెంబరు నుంచి ఐఎస్‌ఐ (ప్రైవేటు స్కూళ్లను తనిఖీ చేసే సంస్థ) వాళ్లు "ఎక్సలెంట్" లాంటి ఒక్క మాట ముద్రలు మానేశారు. ఇప్పుడు స్కూలు ప్రమాణాలు అందుకుందా లేదా అని చెప్పి, ఇంకా ఏం మెరుగుపరచుకోవాలో రాస్తున్నారు. చదవడానికి కొంచెం ఓపిక కావాలి గానీ పాతవాటికన్నా ఎక్కువ తెలుస్తుంది.

చిన్నవాడు ఇప్పుడు ఇయర్ 9. జీసీఎస్‌ఈ దాకా అక్కడే ఉంచుతున్నాం, వ్యాట్‌తో కలిపి. వాడికి కంప్యూటర్ సైన్స్ ఏ లెవెల్ చేయాలని ఉంది, స్కూల్లో ఆ కోర్సు తీసేశారు. అందుకని ఇయర్ 11లో మా దగ్గరున్న స్టేట్ సిక్స్త్ ఫామ్ కాలేజీకి అప్లికేషన్ పెడతాం. ఈ సంగతి వాడి ట్యూటర్‌కి చెబితే, ఆ కాలేజీ ఓపెన్ ఈవినింగ్ ఎప్పుడో ఆయనే చూసి మాకు మెయిల్ చేశారు.